అరచెయ్యి చెప్పిన మాట

జూన్ 4, సాయంత్రం

ఈ రోజు నా బ్రెడ్డు వెనక్కి వచ్చింది. ఇరవై ఏడేళ్లలో మొదటిసారి. పన్నెండు ప్యాకెట్లు. హాస్పిటల్ వంటింటి సూపర్‌వైజరమ్మ మా వ్యాన్ డ్రైవరు చేతికిచ్చి పంపించింది, పైన ఒక చీటీ కూడా అంటించి. మూడో రోజుకే బూజు, పేషెంట్లకు పెట్టేది ఇదా అని రాసింది. చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

కవరు విప్పి చూశాను. అబద్ధం కాదు. బ్రెడ్డు అడుగున చొక్కా గుండీలంత పచ్చటి మచ్చలు, చుట్టూ తెల్లటి నూగు.

అయినా సరే, నా బ్రెడ్డుకు మూడో రోజు బూజు రాదు. గొప్పకు చెప్పడం లేదు. సరే, కాస్త గొప్పకే చెప్తున్నాను. పిండి కలిపేది నేను, ఓవెన్ ముందు నిలబడేది నేను, ట్రేలు దించేది నేను. చల్లారిందో లేదో చూసి కట్టండి అనేది కూడా నేనే. అందుకే బేకరీలో అందరూ నన్ను మేస్త్రమ్మ అంటారు. నేను కట్టండి అనేదాకా ప్యాకింగ్ బల్ల దగ్గర ఒక్కరు కూడా కవరు ముట్టుకోరు. అది పెద్దాయన పెట్టిన రూలు. పెద్దాయన అంటే ఇప్పటి ఓనరు వాళ్ల నాన్న. నా అరచెయ్యి పట్టుకుని బ్రెడ్డు అడుగున ఆనించి, ఇదిగో, ఈ మాత్రం వేడి ఉన్నా కట్టకూడదు, లోపల చెమట పడుతుంది అని నేర్పింది ఆయనే. మంచం పట్టినప్పుడు నన్ను పిలిపించి, ఇక కట్టండి అనే మాట నీదేనమ్మా అన్నాడు. ఆ రోజు నుంచి అది నాదే.

ఓనరు బెంబేలెత్తిపోతున్నాడు. హాస్పిటల్ ఆర్డరు పోతే ఓవెన్లలో ఒకటి ఆపేయాల్సిందే. షాపులో అమ్మే బ్రెడ్డు ఆ రోజుకా రోజే అయిపోతుంది. హాస్పిటల్ వాళ్లు మాత్రం ముక్కలు కోయని పెద్ద బ్రెడ్లు వారానికి మూడుసార్లు తీసుకుని దాచుకుంటారు. నెలాఖరులోగా సరిచేయకపోతే వేరే బేకరీ చూసుకుంటారట. నేనున్నాగా బాబూ, నువ్వు టీ తాగు అన్నాను.

ఈ రికార్డు బుక్కు మా ఆయన ఇచ్చాడు. ఆయన కాలేజీలో ల్యాబ్ అటెండరు. అరిస్తే ఎవరూ నమ్మరు, తేదీ వేసి రాసుకో అన్నాడు. రాసుకుంటున్నా. ఎవరికీ చూపించను.

జూన్ 5

హాస్పిటల్‌కి వెళ్లి స్టోర్ రూమ్ చూపించమన్నాను. చూశాక నవ్వొచ్చింది. బ్రెడ్డు ర్యాక్ ఎక్కడ పెట్టారనుకున్నారు? గిన్నెలు కడిగే తొట్టి పక్కన! అటు నుంచి వేణ్నీళ్ల ఆవిరి, ఇటు నుంచి తడి మాపులు. గోడ మీద నీటి చారలు. కిటికీ ఉంది గానీ, దాన్ని ఖాళీ డబ్బాలతో మూసేశారు. బూజుకు ఇంతకంటే మంచి కాపురం దొరకదు. ఆ మాటే ఆవిడతో అన్నాను, కాస్త గట్టిగానే.

సూపర్‌వైజరమ్మ సన్నగా ఉంటుంది, కళ్లజోడు మెడలో వేలాడుతూ ఉంటుంది. నా కంటే చిన్నది. నాలుగేళ్లుగా ఆ ర్యాక్ అక్కడే ఉందండీ, ఈ రెండు నెలల నుంచే ఇలా అవుతోంది, మొదట్లో ఒకటీ అరా పారేసి ఊరుకున్నాం అంది. వానలు మొదలయ్యాయి కదమ్మా అన్నాను. వానలు ప్రతి ఏడూ వస్తాయి కదండీ అంది.

తెలివైనదే. నాకు తెలివైనవాళ్లతో ఒక పట్టాన పడదు.

ర్యాక్ వేరే గదికి మార్చాలంటే పైవాళ్లకు రుజువు చూపించాలట. రుజువే కదా. చూపిస్తా.

జూన్ 6, సాయంత్రం 6:30

మొదలుపెట్టాను. పొద్దున ఒకే ట్రేలోంచి అయిదు బ్రెడ్లు తీసి గుడ్డ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. మా ఆయన వచ్చాక ఇద్దరం కూర్చుని నాలుగింటిని కవర్లలో పెట్టి క్లిప్పులు వేశాం.

ఆయన లెక్చరు ఇచ్చాడు. ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ ఒకేలా ఉండాలి, లేకపోతే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు అని. ముప్పై ఏళ్లుగా పిల్లలకు టెస్ట్‌ట్యూబులు కడిగిపెడుతూ విన్న ముక్క ఇన్నాళ్లకు పనికొచ్చిందని తెగ సంబరపడ్డాడు.

ఒకటి సింకు కింద అరలో. ఒకటి ఫ్రిజ్ మీద, వెనకనుంచి వేడిగాలి తగిలే చోట. ఒకటి ఫ్రిజ్ లోపల. ఒకటి హాల్లో పుస్తకాల అలమర పై అరలో, పొడిగా, గాలి ఆడేచోట. అయిదోది కవరు లేకుండా గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాను. ఇక్కడ రెండు మార్చావు, చోటూ మార్చావు, కవరూ మార్చావు, ఇది చెల్లదు అన్నాడు. ఇది మీ కాలేజీ కాదు, నా ఇల్లు అన్నాను.

జూన్ 7

ఏమీ రాలేదు. రోజుకు నాలుగుసార్లు చూస్తున్నాను.

జూన్ 8

వదిన ఈ రోజు అందరి ముందూ నోరు జారింది.

వదిన అంటే మా అన్నయ్య భార్య. రెండు నెలల క్రితం నేనే తెచ్చి ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టాను. యాభై నాలుగేళ్లకు మొదటి ఉద్యోగం. నువ్వేం చేయగలవే, నాలుగు రోజుల్లో వెనక్కొస్తావు అని అన్నయ్య నవ్వాడు. నాలుగు రోజులు కాదు, రెండు నెలలైంది. ఒక్కతే బస్సెక్కి వస్తుంది. బేకరీ టోపీ ఇంటికి తీసుకెళ్లి ఇస్త్రీ చేసుకుని మరీ వస్తుంది. మా మొత్తం బేకరీలో ఇస్త్రీ టోపీ తనదొక్కటే.

నేను బ్రెడ్డు అడుగున చెయ్యి పెట్టి చూసి కట్టండి అన్నాను. వదిన ఒక బ్రెడ్డు ఎత్తి, ఇంకా వెచ్చగానే ఉందమ్మాయ్ అంది. యాభై రెండేళ్ల నన్ను ఇంకా అమ్మాయ్ అనే పిలుస్తుంది, అదొకటి. నాకు నేర్పకు వదినా, నువ్వు పెళ్లి చేసుకుని మా ఇంటికి వచ్చినప్పుడు అన్నం వార్చడం నేర్పింది నేనే అన్నాను. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వేసి కట్టడం మొదలుపెట్టింది.

నా చెయ్యి గురించి నాకే చెప్తారా? ఈ చెయ్యి వేడి ట్రేని పలచటి గుడ్డతో పట్టుకుంటుంది. మా ఆయన ఉఫ్ ఉఫ్ అని ఊదుకునే టీ గ్లాసును నేను గుప్పిట్లో పట్టుకుని తాగేస్తాను. ఇంట్లో పట్టకారు కొనాల్సిన అవసరమే రాలేదు.

జూన్ 9

సింకు కింద బ్రెడ్డుకు బూజు! మూడో రోజే. ఫ్రిజ్ మీద దానికి ఇంకా రాలేదు. అలమరలో ఉన్నది శుభ్రంగా ఉంది. మా ఆయన్ని భుజం పట్టుకుని ఊపేశాను. టీ ఒలికింది.

జూన్ 12

ఆరో రోజు. రాయాల్సినవన్నీ రాస్తున్నాను. సింకు కింద ఉన్నది చూడటానికే వీల్లేదు, పచ్చగా, నల్లగా, కవరు తెరవకుండా పారేశాను. ఫ్రిజ్ మీద ఉన్నది సగం పాడైంది. ఫ్రిజ్ లోపల ఉన్నదానికి బూజు రాలేదు గానీ పొడిపొడిగా గట్టిపడింది, నోట్లో పెట్టుకుంటే రంపప్పొట్టు. గుడ్డలో చుట్టింది ఇటుక, తలుపుకు అడ్డం పెట్టుకోవచ్చు. అలమర పై అరలో ఉన్నది మాత్రం మెత్తగా, శుభ్రంగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది.

ఆరు రోజులు! నా బ్రెడ్డు ఆరు రోజులు ఆగింది. తడి, ఉక్క ఉన్నచోట చచ్చింది, పొడిచోట బతికింది. ఇక హాస్పిటల్ వాళ్లకు చెప్పడానికి నోరుండకూడదు.

జూన్ 13

ఆ అలమర బ్రెడ్డును పట్టుకుని వెళ్లి సూపర్‌వైజరమ్మ బల్ల మీద పెట్టాను. తేదీలన్నీ చదివి వినిపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని బ్రెడ్డును ముందూ వెనకా చూసింది. మీరు చెప్పింది నిజమేనండీ అంది. సాయంత్రానికల్లా ర్యాక్ పొడి గదిలోకి మారింది. పెద్ద కిటికీ, ఫ్యాను, అన్నీ ఉన్నాయి.

ఓనరు నాకు స్వయంగా టీ కలిపి ఇచ్చాడు. పంచదార ఎక్కువైంది, తాగేశాను.

జూన్ 17

మళ్లీ వచ్చింది. తొమ్మిది ప్యాకెట్లు. పొడి గదిలో, ఫ్యాను కింద, మూడున్నర రోజులకు.

జూన్ 17, సాయంత్రం

పొద్దున్నుంచీ అదే ఆలోచన. ర్యాక్ తప్పు కాదు. బ్రెడ్డు తప్పు కాదు, ఇంట్లో ఆరు రోజులు ఆగింది. మరి మధ్యలో ఏముంది? ప్యాకింగ్. ఎప్పటి నుంచి? రెండు నెలల నుంచి. సూపర్‌వైజరమ్మ కూడా అదే చెప్పింది, నేనే వినిపించుకోలేదు.

రెండు నెలల క్రితం దాకా ప్యాకింగ్ చేసింది నత్తమ్మ. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అంత నెమ్మది మనిషి. నేను కట్టండి అని అరిచి గొంతు పోగొట్టుకున్నా లేచేది కాదు. ముందు టీ, తర్వాత టిఫిన్ డబ్బా, తర్వాత ఊళ్లో కబుర్లన్నీ, ఆ తర్వాత కవర్లు. మోకాళ్ల నొప్పులని మానేసింది. ఆవిడ బద్ధకానికి నేను పెట్టిన తిట్లు రాస్తే ఈ బుక్కు చాలదు. అయినా ఆవిడ ఉన్నన్నాళ్లూ బూజు రాలేదు.

వదిన వచ్చాక వచ్చింది. వదిన మాటిమాటికీ చేతులు కడుక్కుంటుంది. తడి చేతులతో కవరు ముట్టుకుంటే బూజు రాక ఏమవుతుంది? తప్పు దొరికింది. దొరికినందుకు సంతోషంగా లేదు.

జూన్ 18

ఓనరుతో చెప్పాను. ప్యాకింగ్‌లో తడి తగులుతున్నట్టుంది అన్నాను. వదిన పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు, బల్ల దగ్గర ఉన్నది తనొక్కతే.

నేను వదినను హెచ్చరిద్దాం అనుకున్నాను. ఓనరు అక్కడితో ఆగలేదు. ఈ నెలాఖరుతో మానేయమని వదినకు చెప్పేశాడు. ప్యాకింగ్ మనిషిని మార్చేస్తున్నామని హాస్పిటల్‌కు ఫోన్ చేసి కూడా చెప్పాడు. ఆవిడ మీ సొంత మనిషి అయినా మొహమాటపడకుండా చెప్పారు, శభాష్ మేస్త్రమ్మా అని నన్ను మెచ్చుకున్నాడు.

వదిన టోపీ తీసి మడత పెడుతోంది. దగ్గరికి వెళ్లాను. నువ్వు కట్టండి అన్నాకే కదా నేను కట్టాను అంది. బస్సుకు టైమవుతోంది, వస్తాను మేస్త్రమ్మగారూ అని వెళ్లిపోయింది.

మేస్త్రమ్మగారూ అట. చెంప మీద కొట్టినా బాగుండేది.

ఇంటికి వెళ్తే అన్నయ్య ఏమంటాడో నాకు తెలుసు. నేను ముందే చెప్పలేదా అంటాడు. ఇక జీవితాంతం అంటూనే ఉంటాడు. వదిన మళ్లీ ఒక్కతే బస్సెక్కదు.

జూన్ 19

మా ఆయనతో పెద్ద గొడవ. రుజువు లేకుండా ఒక మనిషి ఉద్యోగం తీసేయించావు అన్నాడు. హాస్పిటల్ వాళ్లను నువ్వేం అడిగావు, రుజువు చూపిస్తా అన్నావు కదా, మరి వదినకు చూపించావా అన్నాడు. ఆయన గొంతు పెంచడం పెళ్లయ్యాక ఇది మూడోసారో నాలుగోసారో.

సరే. నెలాఖరుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. రుజువు చేస్తా. ఇది వదిన తప్పే అని తేలితే నాకూ నిద్ర పడుతుంది.

ఒకే ట్రే, పది బ్రెడ్లు. నేను కట్టండి అన్న నిమిషమే నా అయిదూ పొడి చేతులతో నేను కట్టేశాను. మిగతా అయిదు వదినవి. వదిన ఏం చేసిందంటే, చేతులు కడుక్కుంది, ఫ్యాను కింద నిలబడి ఆరబెట్టుకుంది, గ్లౌజులు వేసుకుంది, బల్ల తుడిచింది, బల్ల ఆరేదాకా చూసింది, మళ్లీ తుడిచింది. తడి తగిలిందనే మాట ఇంకోసారి పడకూడదని కాబోలు. గంట పైనే పట్టింది. నేను తొందరపెట్టలేదు. తనూ నా వైపు చూడలేదు.

పదీ ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద వేడిగాలి తగిలే చోట పెట్టాం. త్వరగా తేలాలంటే అదే మంచి చోటు అన్నాడు మా ఆయన. నావాటికి ఎర్ర క్లిప్పులు. వదినవాటికి నీలం.

జూన్ 20

ఎర్ర క్లిప్పుల కవర్ల లోపల సన్నటి నీటి బొట్లు. నీలం వాటిలో లేవు. క్లిప్పులు తారుమారయ్యాయేమోనని మా ఆయన్ని అడిగాను. లేదట.

జూన్ 22, ఉదయం

ఎర్రవాటికి బూజు. అయిదింటిలో నాలుగింటికి. నీలంవి అయిదూ శుభ్రంగా ఉన్నాయి.

జూన్ 22, సాయంత్రం

పొద్దున చేతులు కట్టుకుని కూర్చుండిపోయాను. మా ఆయన పక్కన కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. మొదటిసారి ఇంట్లో ఆరు రోజులు ఆగినవాటిని కవర్లో ఎప్పుడు పెట్టాం అన్నాడు. సాయంత్రం, మీరు వచ్చాక అన్నాను. పొద్దుటి నుంచి అప్పటిదాకా ఎక్కడున్నాయి అన్నాడు. గుడ్డ సంచిలో అన్నాను. పొద్దంతా చల్లారాయన్నమాట. తప్పు నీదే అని ఆయన అని ఉంటే పోట్లాడేదాన్ని.

జూన్ 23

మా ఆయన సగం రోజు సెలవు పెట్టి, ల్యాబ్‌లో అడిగి పొడుగు సూది థర్మామీటరు పట్టుకుని బేకరీకి వచ్చాడు. నేను ఎప్పటిలాగే బ్రెడ్డు అడుగున అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. ఒట్టేసి చెప్తున్నాను, చల్లగానే ఉంది. కట్టండి అనబోతుంటే ఆయన సూది గుచ్చాడు. నలభై మూడు. గదిలో ఇరవై తొమ్మిది. ఇంకో బ్రెడ్డుకు గుచ్చాడు, నలభై ఒకటి. థర్మామీటరు పాడైంది అన్నాను. ఆయన దాన్ని తన చంకలో పెట్టుకుని చూపించాడు. పాడవలేదు.

వదినను పిలిచి, ఒకసారి ముట్టుకుని చూడమ్మా అన్నాడు. వదిన నా మొహం చూసింది, బ్రెడ్డును ముట్టుకుంది. వెచ్చగా ఉంది అన్నయ్యగారూ అంది. మెల్లిగా అంది, నాకు వినపడకూడదన్నట్టు.

ఇంటికొచ్చాక నా కళ్లు మూయించి, చేతుల్లో రెండు గ్లాసులు పెట్టాడు. ఏది వేడి అన్నాడు. రెండూ ఒకటే అన్నాను. కళ్లు తెరిచి చూస్తే ఒకదాంట్లోంచి ఆవిరి వస్తోంది. అదే గ్లాసు చెంపకు ఆనిస్తే ఉలిక్కిపడ్డాను.

ఇరవై ఏడేళ్లు ఓవెన్ ముందు నిలబడ్డ చేతులు. నేను గొప్పనుకున్నది ఇదన్నమాట. పట్టకారు అక్కర్లేని చెయ్యికి వేడి తెలియదు. ఎప్పటి నుంచి తెలియడం లేదో కూడా నాకు తెలియదు.

ఏడ్చాను. రాసేశాను, ఇక అయిపోయింది.

జూన్ 24

ఒక్క ముడి మిగిలింది. నా చెయ్యి ఎప్పుడో మొద్దుబారితే మరి ఇన్నాళ్లూ బూజు ఎందుకు రాలేదు? నత్తమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను.

మోకాళ్లకు వేడినీళ్ల సంచి కట్టుకుని కూర్చుంది. అడగ్గానే పకపకా నవ్వింది. నువ్వు కట్టండి అనేదానివి, నేను ముట్టుకుంటే చురుక్కుమనేది, నీతో చెప్తే ఊరుకుంటావా తల్లీ, మీద పడి కరుస్తావు, అందుకే టీ తాగేదాన్ని, డబ్బా తినేదాన్ని, చల్లారేదాకా అందరికీ కబుర్లు చెప్పేదాన్ని అంది. ఎన్నేళ్లుగా అన్నాను. మూడేళ్లు దాటింది అంది. అంత గొంతేసుకుని నత్త, నత్త అని తిట్టేదానివి కదా అని ఇంకా నవ్వింది.

మూడేళ్లు! నేను బద్ధకమని తిట్టిన మనిషి మూడేళ్లు నా పరువు కాపాడింది. నా మాట వింటుందని నేను మురిసిన వదిన, ఆ మాట విన్నందుకే బలైపోయింది. ఎదురు చెప్పిన ఒక్క రోజూ అందరి ముందూ నోరు మూయించాను.

నత్తమ్మకు నేనే లేచి టీ పెట్టి ఇచ్చాను. గ్లాసు ఎంత వేడిగా ఉందో తెలియక అంచు దాకా పోసేశాను.

జూన్ 25, ఉదయం 5:15

ఎవరికీ చెప్పకుండా ఊరుకోవచ్చు. రేపటి నుంచి రెండు గంటలు ఎక్కువ ఆగి కట్టండి అంటే చాలు. బూజు ఆగుతుంది. కొత్త ప్యాకింగ్ మనిషి చేయి మంచిదని అందరూ అంటారు. నేను మేస్త్రమ్మగానే ఉంటాను. ఇది కూడా రాసుకోవాలి కదా, అనుకున్నాను కాబట్టి.

జూన్ 25, సాయంత్రం

చెప్పేశాను.

ముందు ఓనరుకు చెప్పాను. ఆయన తలుపు మూశాడు. ఈ మాట బయటికి ఎందుకు, థర్మామీటరు కొందాం, హాస్పిటల్‌కు మనిషిని మారుస్తున్నామని ఇప్పటికే చెప్పేశాం, అది అలాగే కానిద్దాం, మీ వదినకు ఇంకెక్కడైనా చూద్దాం అన్నాడు. మంచివాడే, నా మర్యాద కాపాడదామనే అన్నాడు. తప్పు చేసిన చెయ్యి ఇక్కడుండి, కడుక్కున్న చెయ్యి ఇంటికి పోతుందా బాబూ, మీ నాన్నగారు ఉంటే నా చెవి మెలిపెట్టేవారు అన్నాను. తలుపు నేనే తీశాను.

ప్యాకింగ్ బల్ల దగ్గర అందరూ ఉన్నారు. ఏ బల్ల దగ్గర వదినను నవ్వులపాలు చేశానో అక్కడే నిలబడి చెప్పాను. బూజు వదిన వల్ల రాలేదు, నా వల్ల వచ్చింది, నా చేతికి వేడి తెలియడం లేదు, వదినకు తెలిసింది, చెప్పింది, నేనే నోరు మూయించాను అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండు అనిపించింది.

పిండి సంగతి నా చేతికి ఇంకా తెలుసు, అది ఎవరికీ ఇవ్వను. ఓవెన్ కూడా నాదే. కానీ కట్టండి అనే మాట ఇక వదినది అని చెప్పాను. నాకు పెద్దాయన ఇచ్చినట్టే ఇచ్చాను. ఓనరు సరే అన్నాడు. వదినను ఉండమన్నాడు.

వదిన మాత్రం టోపీ సర్దుకుంది. అలాగే మేస్త్రమ్మగారూ అంది.

జూన్ 26

హాస్పిటల్‌కి నేనొక్కదాన్నే వెళ్లాను. ర్యాక్ గురించి నేను చెప్పింది నిజమే గానీ, అసలు తప్పు మాదగ్గరే ఉంది, అది కూడా నాదే అన్నాను. సూపర్‌వైజరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మా వంటమేస్త్రికి కూడా ఉప్పు తెలియదండీ, పేషెంట్లు చప్పగా ఉందంటే వాళ్లకు జ్వరం నోరు అంటాడు అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంకో రెండు వారాలు చూస్తానంది. తెలివైనవాళ్లతో అప్పుడప్పుడు పడుతుంది.

జూన్ 28

వదిన అరచెయ్యి పెడుతుంది, నేను సూది గుచ్చుతాను. వదిన చెప్పిందీ సూది చెప్పిందీ ఒకటే. ప్రతిసారీ! సూది గుచ్చిన బ్రెడ్డు అమ్మకూడదు కాబట్టి దాన్ని అందరం తినేస్తున్నాం. ఓనరు మొదట గునిశాడు, ఇప్పుడు ముందు ముక్క ఆయనదే.

కట్టండి అనడం మాత్రం వదినకు చేతకావడం లేదు. పక్కవాళ్లకే వినపడదు. అరవాలి, కడుపులోంచి రావాలి అని చూపించాను. ఓవెన్ దగ్గర ఉన్నవాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు.

జూలై 3

హాస్పిటల్ నుంచి ఒక్క ప్యాకెట్టూ తిరిగి రాలేదు.

జూలై 8

సూపర్‌వైజరమ్మ చీటీ పంపింది. అయిదో రోజు, శుభ్రంగా ఉంది, ఆర్డరు కొనసాగిస్తున్నాం అని. అదే ముత్యాల చేతిరాత. అది ప్యాకింగ్ బల్ల మీద గోడకు అంటించాను, వదిన తలెత్తితే కనపడేలా.

ఈ రోజు బ్రెడ్లు ఇంకా వేడిగా ఉండగా ఓనరు తొందరపడి, ఇంక కట్టొచ్చు కదా అన్నాడు. వదిన లేచి నిలబడి, నేనింకా కట్టండి అనలేదు బాబూ అంది. అబ్బ, ఆ గొంతు! అచ్చం నాలాగే అరిచింది. వినడానికి ఇంత దురుసుగా ఉంటుందని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు.

అన్నయ్య నిన్న వచ్చి బేకరీ బయట నిలబడ్డాడు. వదినను తీసుకెళ్లడానికట. నేను బస్సులో వస్తాను, మీరు పొండి అందట.

జూలై 11

వాన. ట్రేలు దించాక వదిన పక్కన స్టూలు మీద కూర్చున్నాను. తన చెయ్యి బల్ల మీద ఉంది. తీసుకుని నా చెంపకు ఆనించుకున్నాను. ఏంటమ్మాయ్ అంది.

ఇంకా వెచ్చగానే ఉంది.